నాచుకు కొలువు, సాంచకు సెలవు

జగిత్యాల జిల్లాలో కాలుష్యాన్ని పూర్తిగా జయించిన ఫ్యాక్టరీ ఒకటుంది. కోరుట్ల దాటి, మెట్‌పల్లి దాటి, మల్లాపూర్ మండలంలోకి పోతే కనిపిస్తుంది. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ. 2015 డిసెంబరు 23న లే-ఆఫ్ ప్రకటించిన నాటి నుంచి అది ఒక్క చుక్క మురికినీరు బయటికి వదల్లేదు. పొగ వదల్లేదు. మొలాసిస్ వాసన ఊరి మీదికి రానివ్వలేదు. పెద్ద పెద్ద కంపెనీలు కోట్లు పోసి యంత్రాలు బిగించుకున్నా చేతకాని ‘జీరో లిక్విడ్ డిశ్చార్జి’ని ముత్యంపేట ఒక్క తాళంకప్పతో సాధించింది. బోధన్, మంబోజిపల్లి యూనిట్లు కూడా అదే రోజు అదే సాధించాయి. ఒకేసారి మూడు ఫ్యాక్టరీలు! పర్యావరణ పురస్కారం ఇచ్చేవాళ్లకు ఇది కనిపించకపోవడం అన్యాయం. పురస్కారం ఇస్తే అందుకోవడానికి కార్మికులు మిగల్లేదు, చెరకు రైతు వరికి మళ్లిపోయాడు అన్నది వేరే ముచ్చట.

సిరిసిల్లకూ ఒక ఘనత ఉంది. 2024 మొదట్లో ఆర్డర్లు లేక పాలిస్టర్ సాంచాలు మూలపడ్డాయి. ఆ రోజుల్లో సిరిసిల్ల గల్లీల్లో శబ్ద కాలుష్యం దాదాపు సున్నా. వేల మరమగ్గాల దడదడకు అలవాటు పడ్డ ఊరికి ఆ నిశ్శబ్దంలో నిద్ర పట్టలేదు. అది ఆకలి వల్ల పట్టలేదా, అప్పుల వల్ల పట్టలేదా అని ఎవరూ సర్వే చెయ్యలేదు. ధ్వని తగ్గిందా లేదా అన్నదే లెక్క అయితే తగ్గింది.

ఇన్నేళ్లుగా మన సర్కారుల దగ్గర కాలుష్యానికి నిజంగా పనిచేసిన మందు ఇదొక్కటే: పని ఆగిపోవడం. ఇప్పుడు రెండో మందు మీద సదస్సులు జోరుగా నడుస్తున్నాయి. దాని పేరు నాచు.

నాచు మహిమ వినండి. అది మురికినీళ్లలో పెరుగుతుంది. నత్రజని తింటుంది, భాస్వరం తింటుంది, బొగ్గుపులుసు వాయువు మింగుతుంది, ఎండ కాచుకుంటుంది, ఒళ్లంతా నూనె పట్టించుకుంటుంది. నూనె పిండి శుద్ధి చేస్తే డీజిల్. పిండగా మిగిలిన పిప్పి ఎరువు, దాణా. నీళ్లు శుభ్రం, గాలి శుభ్రం, బండికి ఇంధనం, బర్రెకు మేత. ఇంకాసేపు కూర్చుంటే పిల్లల పెళ్లిళ్లు కూడా చేయించేట్టుంది. ఇన్ని గుణాలున్న ప్రాణిని బావి మెట్ల మీద నుంచి చీపురుతో గీకి పారేసిన మన అమ్మమ్మలు ఎంత పాపం చేశారో!

ఈ నాచు పథకం మన ఊళ్లకు ఇంకా రాలేదు. రాకముందే తోరణాలు కట్టుకోవడం మంచిది. వచ్చాక శిలాఫలకం మీద ఎవరి పేరు పైన, ఎవరి పేరు కింద అన్న దగ్గరే ఏడాది గడుస్తుంది.

ముందు నాచుకు న్యాయం చేద్దాం. దాని తప్పు ఇందులో ఏమీ లేదు. మురుగులో నాచు పెంచి నీళ్లు బాగుచేసే విద్య 1950ల్లోనే కాలిఫోర్నియాలో విలియం ఓస్వాల్డ్ అనే ఇంజనీరు చేసి చూపించాడు. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉన్న మడుగు, అందులో నీళ్లను మెల్లగా తిప్పే ఒక చక్రం. పగలు నాచు ఆక్సిజన్ వదులుతుంది. ఆ ఆక్సిజన్‌తో బాక్టీరియా మురికిని కుళ్లబెట్టి తింటుంది. బాక్టీరియా వదిలింది మళ్లీ నాచుకు తిండి. మామూలు మురుగు శుద్ధి కేంద్రంలో కరెంటు బిల్లులో పెద్ద వాటా నీళ్లలోకి గాలి ఊదడానికే పోతుంది. నాచు ఆ గాలిని ఉత్తపుణ్యానికి ఊదుతుంది. హైదరాబాద్ తార్నాకలోని కేంద్ర పరిశోధన సంస్థ ఐఐసీటీలో శాస్త్రవేత్తలు మురుగునీటి నాచు మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్నారు. ఇది గాలికబురు కాదు, గట్టి శాస్త్రమే. కాకపోతే తార్నాక నుంచి సిరిసిల్లకు సుమారు 140 కిలోమీటర్లు, శాస్త్రం ఆ దారి పట్టేలోపు సిద్దిపేట దగ్గరే ప్రకటనగా మారిపోతుంది.

అసలు తిప్పలు ‘నూనె’ అన్న దగ్గర మొదలవుతాయి. నాచు కడుపునిండా తిన్నంతకాలం గబగబా పెరుగుతుంది, నూనె మాత్రం అంతంతే దాస్తుంది. నత్రజని అందకుండా మాడ్చినప్పుడు దానికి భయం పట్టుకుని ఒంట్లో కొవ్వు కూడబెడుతుంది. అప్పుడు ఎదుగుదల ఆగుతుంది. మురుగునీళ్లలో ఉండేదే నత్రజని. అంటే నీళ్లు శుభ్రం చేసే నాచుకు నూనె పట్టదు, నూనె పట్టించిన నాచు నీళ్లు శుభ్రం చెయ్యదు. సదస్సులో మొదటి స్లైడు మీద మొదటి నాచు ఉంటుంది, రెండో స్లైడు మీద రెండోది ఉంటుంది. రెండూ ఒకటే అని మనం చప్పట్లు కొడతాం.

సరే, మధ్యేమార్గంగా లెక్క వేద్దాం. ఎకరం మడుగు తీసుకోండి. చదరపు మీటరుకు రోజుకు 15 గ్రాముల ఎండు నాచు వస్తే బాగా వచ్చినట్టే. ఎకరానికి రోజుకు 60 కిలోలు. అందులో ఐదో వంతు నూనె అనుకుంటే 12 కిలోలు. ట్రాక్టరు రెండు మూడు గంటలు దున్నేంత. పోనీలే, ఊరికే వస్తోంది కదా అంటారా? ఊరికే రాదు. లీటరు నీళ్లలో అర గ్రాము నాచు తేలుతుంటే, 60 కిలోల కోసం లక్షా ఇరవై వేల లీటర్ల నీళ్లు రోజూ వడగట్టాలి. వడగట్టి, యంత్రంలో తిప్పి ముద్ద చేస్తే 300 కిలోలవుతుంది. అందులో 240 కిలోలు నీళ్లే. ఆ నీళ్లను ఆవిరి చెయ్యడానికి పట్టే వేడి, వచ్చిన 12 కిలోల నూనె మొత్తం మండిస్తే వచ్చే వేడి కంటే ఎక్కువ. డీజిల్ తీయడానికి డీజిల్ కంటే ఎక్కువ తగలెయ్యాలన్నమాట.

ఎండకు ఆరబెడితే పోలేదా అని మన జగిత్యాల రైతు అడుగుతాడు. అడగాల్సిందే, ఆరబెట్టడంలో ఆయనను మించిన నిపుణుడు లేడు. కానీ ఎక్కడ ఆరబెడతావు నాయనా? యాసంగి వచ్చిందంటే రోడ్డుకు ఒక పక్క నీ వడ్లే ఉంటాయి. టార్పాలిన్ దొరకదు, గన్నీ సంచులు రావు, లారీ రాదు, మబ్బు మాత్రం టైముకు వస్తుంది. ఇక ఆ పక్కన నాచు కుప్ప పోసుకుని కూర్చో. కొనుగోలు కేంద్రంలో తేమ మిషను పెడతారు. వడ్లకు 17 శాతం అంటారు. నాచుకు ఎంతో జీవో వచ్చేదాకా ఆగాలి. జీవో వచ్చాక మిల్లర్ వస్తాడు, క్వింటాలుకు ఇంత తరుగు అంటాడు. నాచులో తాలు ఎక్కువుంది అన్నా అంటాడు.

సిరిసిల్ల సంగతి ఇంకా చిత్రం. అక్కడ సాంచ నడిస్తే చప్పుడే గాని మురికి రాదు. మురికి వచ్చేది సైజింగు దగ్గర, అద్దకం దగ్గర. అక్కడ అద్దే లంగాల గుడ్డ నూలుది. ఆ నూలుకు రంగు పట్టాలంటే తొట్టిలో ఉప్పు గుమ్మరించాలి. నూలుకు పట్టగా మిగిలిన రంగు, పోసిన ఉప్పు మొత్తం నీళ్లతోనే బయటికి వస్తాయి. అటువంటి నీళ్లకు నాచు వైద్యం చెప్పే సదస్సులో ఒక డైయింగు ఆసామి లేచి నిలబడ్డాడనుకోండి. ముచ్చట ఇట్లా సాగుతుంది.

“సారూ, మా తొట్టి నీళ్లు కాటుకలెక్క ఉంటయి. ఎండ లోపటికి వోదు. మరి నాచు ఎట్ల వెరుగుతది?”

“మంచి ప్రశ్న అడిగారు. ముందుగా నీటిని పలుచన చేసుకోవాలి.”

“దేంతోని?”

“మంచినీళ్లతో.”

“అన్ని నీళ్లు ఏడికెల్లి తేవాలె సారూ?”

“మీకు మానేరు ఉంది కదండీ!”

“మానేరును కాపాడుదామనే గద ఈ మీటింగు వెట్టిన్రు?”

నిర్వాహకుడు మైకు అందుకుని టీ విరామం ప్రకటిస్తాడు. ఆసామి మిగతా రెండు ప్రశ్నలు సమోసాల దగ్గర ఆగిపోతాయి. ఒకటి ఉప్పు గురించి. నాచు రంగును కొంత ఒంటికి పట్టించుకోగలదు గాని నీళ్లలోని ఉప్పును తగ్గించలేదు, ఆ ఉప్పు కాలువ దాటి పొలానికి పోతే పొలం చౌడవుతుంది. రెండోది, రంగు పీల్చిన నాచును ఏం చెయ్యాలి? బర్రెకు పెడితే కోరుట్ల పశువైద్య కళాశాల వాళ్లే ముందు వద్దంటారు. పొలంలో చల్లితే రంగు మళ్లీ మట్టిలోకి. అది మేతా కాదు, ఎరువూ కాదు, ప్రమాదకర వ్యర్థం. నీళ్లలోని మురికి నాచు ఒంటి మీదికి మారింది, అంతే.

పలుచన చెయ్యడం మనకు కొత్త విద్యేం కాదు. ఆ విద్యలో మనది పెద్ద ఘరానా. పటాన్‌చెరులో మందుల కంపెనీల కోసం ఉమ్మడి శుద్ధి కేంద్రం పెట్టారు. ఆ కేంద్రం నుంచి ‘శుద్ధి’ అయి బయటికొచ్చిన నీళ్లను స్వీడన్ పరిశోధకులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. అందులో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది, ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే దాని కంటే ఎక్కువ. శుద్ధి చేసిన నీళ్లు తాగితే జ్వరం తగ్గే స్థితి! అక్కడి నక్కవాగు వెంట ఊళ్లు మొత్తుకుంటుంటే దొరికిన పరిష్కారం 18 కిలోమీటర్ల గొట్టం. ఆ నీళ్లను తీసుకుపోయి హైదరాబాద్ మురుగులో కలిపి అంబర్‌పేట దాకా పంపారు. కోటి మంది మురుగులో కలిపితే ఏ విషమైనా పలుచనవుతుంది, వార్త కూడా పలుచనవుతుంది. సిరిసిల్లకు ఆ సౌకర్యం లేదు. దాని దిగువన ఉన్నది మిడ్‌మానేరు, దాని దిగువన కరీంనగర్ తాగే దిగువ మానేరు. పలుచన చేద్దామంటే మన గ్లాసులోనే చెయ్యాలి.

ప్రపంచం నాచుతో ఏం చేసిందో కూడా చూడాలి గదా. జగిత్యాలలో రైతు కూలీలు జైత్రయాత్ర చేసిన 1978లోనే అమెరికా సర్కారు నాచు నుంచి ఇంధనం తీసే యాత్ర మొదలుపెట్టింది. పద్దెనిమిదేళ్లు నడిచి 1996లో ఆపేసింది. పెట్రోలు ధరతో పోటీ పడలేం అని తర్వాత నివేదికలో రాసిపెట్టింది కూడా. 2009లో ఎక్సాన్‌మొబిల్ 60 కోట్ల డాలర్ల దాకా పెడతానని ఆర్భాటంగా ప్రకటించింది. 2025 నాటికి రోజుకు పదివేల పీపాలు తీయగల స్థాయికి వస్తామంది. నాచు ముందు కెమెరా పెట్టి టీవీల్లో అడ్వర్టైజ్‌మెంట్లు తీసింది. 2023 నాటికి చడీచప్పుడు లేకుండా జారుకుంది. ప్రపంచంలోని పెద్ద నూనె వ్యాపారుల్లో ఒకరు నాచు నుంచి నూనె పిండలేక వదిలేస్తే, ఆ పని మన మున్సిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టర్ చేస్తాడట. ఉన్న ముగ్గురు ట్రాక్టర్ డ్రైవర్లలో ఒకరు సెలవులో లేకపోతే.

మన దేశానికీ ఈ రుచి కొత్త కాదు. 2003లో అడవి ఆముదం మీద జాతీయ బయోడీజిల్ మిషన్ అన్నారు. కోటి హెక్టార్లకు పైగా నాటుదాం, 2011-12 నాటికి డీజిల్‌లో 20 శాతం అదే కలుపుదాం అన్నారు. బంజరులో పండుతుంది, నీళ్లడగదు, పశువు ముట్టదు, బంగారం కురుస్తుంది అన్నారు. పశువు ముట్టదన్న ఒక్క మాట మాత్రం నిజమైంది. మన పక్కనే అప్పటి ఆదిలాబాద్ జిల్లా జైనూర్ మండలం పవర్‌గూడలో ఆదివాసీ మహిళలు కానుగ గింజలు ఏరి, గానుగ పెట్టి నూనె తీశారు. 147 టన్నుల కర్బన ఉద్గారాలు తగ్గించినందుకు 2003లో ప్రపంచ బ్యాంకు వాళ్లకు చెక్కు ఇచ్చింది. ఎంతకు? 645 డాలర్లకు. అప్పటి లెక్కన ముప్పై వేల రూపాయలు కూడా కాదు. ఆ చెక్కు గురించి రాసిన నివేదికలకు, మాట్లాడిన సదస్సులకు అయిన విమాన ఖర్చు అంతకు ఎన్ని రెట్లో ఊహించుకోవచ్చు. ఆ మహిళల పని నికార్సైనది. ఫొటో దిగినవాళ్లు మాత్రం మళ్లీ ఆ గానుగ వైపు తొంగిచూడలేదు, వాళ్లకు కొత్త ఇంధనం దొరికింది.

ఆ కొత్త ఇంధనం ఇథనాల్. ఇక్కడ మళ్లీ ముత్యంపేటకు రావాలి. చెరకు ఆడిన ఫ్యాక్టరీలో మొలాసిస్ మిగులుతుంది. మొలాసిస్ నుంచి ఇథనాల్ వస్తుంది. దేశమంతా పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలని ఢంకా కొడుతున్న పదేళ్లలోనే, మొలాసిస్ ఇచ్చే ఫ్యాక్టరీకి తాళం. అదే జిల్లాలో, వెల్గటూరు మండలం స్తంభంపల్లి, పాశిగామ దగ్గర 2023లో కొత్తగా ఇథనాల్ ఫ్యాక్టరీ అన్నారు. ఊళ్లు రోడ్డెక్కాయి. మరుసటి ఏడాది నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో జనం జాతీయ రహదారి మీదే కూర్చుని పనులు ఆపించారు. చెరకు రైతేమో ఫ్యాక్టరీ తెరవండి అని పాదయాత్ర చేస్తాడు, ఇంకో మండలం రైతు ఫ్యాక్టరీ వద్దు అని ధర్నా చేస్తాడు. కావాలన్న చోట తాళం, వద్దన్న చోట శంకుస్థాపన. దీన్ని పారిశ్రామిక విధానం అంటారు. పాశిగామ వాళ్లకు పచ్చ ఇంధనం మీద పగేమీ లేదు. శుద్ధి చేసిన నీళ్లే వదులుతామన్న మాటను వాళ్లు పటాన్‌చెరు చెవులతో విన్నారు.

ఇక నాచు పథకం అమలు సంగతి. నన్నడిగితే అది ఎప్పుడో అమలైంది. జగిత్యాల చింతకుంట చెరువు దగ్గర నిలబడి చూడండి. ఊరి మోరీలు వచ్చి కలిసే మూలన నీళ్లు పచ్చని పెయింటు పోసినట్టుంటాయి, దాని మీద గుర్రపుడెక్క, ఆ డెక్కలో ఇరుక్కున్న పాల ప్యాకెట్లు, నిరుడు వేసిన వినాయకుడి వెదురు బద్దలు. పథకం లేదు, టెండరు లేదు, కన్సల్టెంటు లేడు, నాచు మాత్రం మూడు కాలాలూ డ్యూటీలో ఉంది. నీళ్లెందుకు బాగుపడలేదు మరి? తీసేవాడు లేడు గనక. నాచు భాస్వరం పీల్చింది నిజమే, కానీ బయటికి తీయకపోతే చచ్చి అడుక్కు పోతుంది, కుళ్లుతుంది, పీల్చినదంతా మళ్లీ నీళ్లలోనే కక్కుతుంది. కుళ్లేటప్పుడు ఆక్సిజన్ మొత్తం లాగేస్తుంది, తెల్లారేసరికి చేపలు తేలతాయి. సద్దుల నాడు తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మను ఆ డెక్క పక్కకు నెట్టి నీళ్లలో వదులుతారు మన ఆడబిడ్డలు. నాచు సాంకేతికతలో అసలు యంత్రం నాచు కాదు. రోజూ దాన్ని తీసే మనిషి, ఆ మనిషికి నెలనెలా అందే జీతం. ఆ యంత్రాన్ని ఇప్పటిదాకా ఏ సదస్సూ కనిపెట్టలేదు.

నాచుకు సరిపోయే కొలువు మన దగ్గర నిజంగానే ఉంది. జగిత్యాల చుట్టూ బాయిల్డ్ రైస్ మిల్లులు. వడ్లు నానబెట్టిన నీళ్లు కిలోకు సుమారు లీటరు చొప్పున బయటికొస్తాయి. పులిసిన కంపు కొట్టే ఆ నీళ్లలో రంగు మందులు లేవు, విషం లేదు, భాస్వరం దండిగా ఉంది. నాచుకు విందుభోజనం. కోరుట్ల, జగిత్యాల పట్టణాల మురుగూ అంతే. రెండెకరాల మడుగు తవ్వి, నాచు పెంచి, తీసి, ఆరబెట్టే గొడవ లేకుండా తడిదాన్ని తడిగానే గోబర్‌గ్యాస్ తొట్టిలో వేస్తే గ్యాస్ వస్తుంది, మిగిలింది పొలానికి పోతుంది. పొలాసలో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది, కొండగట్టు కింద జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, ఆ ఊరి పేరు కూడా నాచుపల్లే. మనుషులున్నారు, ఎండ ఉంది, మురుగు కావలసినంత ఉంది. కానీ ఇందులో డీజిల్ లేదు, విమాన ఇంధనం లేదు, వేల కోట్ల ఒప్పందం లేదు, దావోస్‌లో చెప్పుకోవడానికి మాట లేదు. వాసన తగ్గుతుంది, చెరువు కాస్త తేరుకుంటుంది, అంతే. అంత చిన్న లాభానికి రిబ్బను కోసేవాడు ఎవడు?

డైయింగు నీళ్లకు కావలసింది కూడా పాత సరుకే. నీళ్లు నిలబెట్టే తొట్టి, రంగు విరిచే రసాయనం, ఉప్పు వేరు చేసే ఏర్పాటు, వాటిని నడిపే కరెంటు. తనిఖీ నాడు తిరిగి మిగతా రోజుల్లో పడుకునే మోటారు కాకుండా, రోజూ తిరిగే మోటారు. ఆ ఖర్చు ఒక్కో చిన్న ఆసామి మీద రుద్దితే యూనిట్ మూసుకుంటాడు, సిరిసిల్లలో ముత్యంపేట తరహా కాలుష్య నియంత్రణ మొదలవుతుంది. 2017లో బతుకమ్మ చీరల పేరుతో కోటి చీరల లెక్క చెప్పిన సర్కారు చీర ధరలో నీళ్ల ఖర్చు కలిపిందా? ఇప్పుడు పథకం పేరు మార్చిన సర్కారు కలిపిందా? చీరకు జరీ అంచు ఎన్ని అంగుళాలుండాలో టెండర్లో రాస్తారు. ఆ రంగు కడిగిన నీళ్లు ఎక్కడికి పోవాలో రాయడానికి మాత్రం కాగితం చాలదు.

మీ ఊళ్లో రేపో ఎల్లుండో నాచు పథకానికి శంకుస్థాపన అని ఫ్లెక్సీ కడితే తప్పకుండా పోండి. పోయి, లీటరుకు ఎంత ఖర్చవుతుంది, ఎవరు పెడతారు, నాచు తీసే మనిషికి జీతం ఏ పద్దు నుంచి అని అడగండి. సమాధానం ‘త్వరలో’ అయితే అక్కడే టీ తాగి వచ్చి కాలుష్య నియంత్రణ మండలికి సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు రాయండి. మీ వాగులో, మీ చెరువులో, మీ ఊరి యూనిట్ల గొట్టం దగ్గర గత మూడేళ్లలో ఎప్పుడెప్పుడు నీళ్లు పరీక్షించారో, ఫలితాలేమిటో నకళ్లు ఇమ్మని. ఫీజు పది రూపాయలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే అప్పీలుకు పోండి.